ఐదు వోల్టులకు పసుపు తూకం

నిజామాబాద్‌లోని ఒక ప్రైవేటు పాలిటెక్నిక్‌లో ముప్పై ఒక్క ఏళ్లు ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేశాను. ఆ ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే, "మేడం, నాది ఎలుగుతలేదు" అన్న మాటను పొద్దున్నుంచి సాయంత్రం దాకా వినడం అని చెబుతాను. పిల్లలు బ్రెడ్‌బోర్డు మీద, అంటే సోల్డరింగ్ అక్కర్లేకుండా తీగలు గుచ్చుకునే చిల్లుల పలక మీద, ఏదో ఒక సర్క్యూట్ కడతారు. అది వెలగదు. కోడ్‌ను తిడతారు, ఐసీ చిప్పును తిడతారు, అమ్మిన దుకాణాన్ని తిడతారు. చాలాసార్లు చివరకు తేలేది ఒక్కటే. కరెంటు సరిగా అందడం లేదు.

నా తర్వాత ఆ కుర్చీలోకి వచ్చిన సుజాత మొన్న ఫోన్ చేసింది. "అక్కా, సస్తల పవర్ సప్లై ఏది కొనాలె అని పోరగాండ్లు పానం తింటున్నరు. ఏం చెప్పమంటవ్?" అని అడిగింది. ఫోన్‌లో చెబితే నేను మహా తెలివైనదానిలా వినిపిస్తాను. అందుకని రాస్తున్నాను. రాసేటప్పుడు నా తప్పు దాచుకోవడం కొంచెం కష్టం.

నర్సయ్య సార్ బల్బు

నాకు పని నేర్పింది నర్సయ్య సార్. బోధన్ వైపు చక్కెర మిల్లులో ఎలక్ట్రికల్ సెక్షన్‌లో ఉండి, అది మూతపడ్డాక మా కాలేజీకి ల్యాబ్ ఇన్‌చార్జిగా వచ్చాడు. నోరు చెడ్డది, చెయ్యి మంచిది. ల్యాబ్‌లో ఎప్పుడూ రబ్బరు చెప్పులతో టపటపలాడుతూ తిరిగేవాడు. ఆయన సొరుగులో రెండు ఆస్తులుండేవి. ఒకటి స్కూటర్ ఇండికేటర్ బల్బు, రెండోది పది ఓముల తెల్లటి లావు రెసిస్టర్.

ఎవరైనా అడాప్టర్ తెస్తే నేను మీటరు పెట్టి, "పన్నెండు వోల్టులు వస్తున్నయ్ సార్, మంచిగుంది" అనేదాన్ని.

"ఏం మంచిగుంది బిడ్డా?" అనేవాడు. "కూలికొచ్చినోడు గట్టు మీద కూసున్నప్పుడు అందరు పహిల్వాన్లే. చెరుకు మోపు నెత్తికెత్తి సూడు, అప్పుడు తెలుస్తది."

అని ఆ బల్బు తగిలించేవాడు. మీటరులో పన్నెండు కాస్తా ఏడుకు దిగేది. "సూసినవా? మోపు కింద కూసున్నడు" అని అడాప్టర్‌ను చెత్తబుట్టలోకి విసిరేవాడు. పవర్ సప్లై గురించి తెలుసుకోవాల్సింది ఇంతే. ఖాళీగా ఉన్నప్పుడు ఎన్ని వోల్టులు చూపిస్తుందన్నది కాదు, పని చెప్పినప్పుడు నిలబడుతుందా లేదా అన్నది. నా మొదటి నెలలోనే ఈ పాఠం అయిపోయింది. ఆ తర్వాత ముప్పై ఏళ్లు నేను దాన్ని మరిచిపోవడానికి బాగా కష్టపడ్డాను.

ఆయన వెళ్లిపోతూ బల్బు, రెసిస్టర్ నా చేతిలో పెట్టాడు. భక్తిగా సొరుగులో పెట్టి తాళం వేశాను. మన దగ్గర గురువు ఇచ్చిన వస్తువును వాడం, దాచుకుంటాం.

ల్యాబ్ గుడి అయిన వైనం

తర్వాత కొత్త ప్రిన్సిపాల్ వచ్చాడు. చెడ్డవాడు కాదు, శుభ్రమంటే ప్రాణం. ఇన్‌స్పెక్షన్ కమిటీ వస్తుందని పన్నెండు మంచి పవర్ సప్లైలు తెప్పించాడు. ఒక్కోటి బియ్యం డబ్బా అంత, ముందు ఎర్ర అంకెలతో. అవి అద్దాల బీరువాలోకి వెళ్లాయి. తాళంచెవి ఆయన జేబులోకి వెళ్లింది. ప్లాస్టిక్ కవర్లు తీయవద్దన్నాడు.

"పిల్లలకు ఇద్దాం సార్" అని ఒకసారి అడిగాను.

"ఖరాబైతే ఎవలు జవాబు చెప్తరమ్మా?" అన్నాడు.

కమిటీవాళ్లు అద్దంలోంచి తొంగిచూసి, ఉన్నాయని రాసుకుని, భోజనానికి వెళ్లారు. దసరాకు ఆయుధ పూజలో బీరువాకు పసుపు, కుంకుమ, బంతిపూల దండ. ఆ పన్నెండు పవర్ సప్లైలు ఎనిమిదేళ్లు పూజలందుకున్నాయి. ఒక్క వోల్టు ఇవ్వలేదు.

ఆయన రెండో సంస్కరణ, చెప్పులు బయట విడవడం. ల్యాబ్ అంటే సరస్వతి ఉండే చోటట. రోజంతా కరెంటుతో పనిచేసే గదిలోకి పిల్లలను వట్టి కాళ్లతో పంపే నియమం ఇంకెక్కడైనా ఉందేమో నాకు తెలియదు. నేను ఎదురు చెప్పానా? లేదు. చెప్పుల స్టాండు కొనిపించి, ఆడపిల్లలకు పై వరస, మగపిల్లలకు కింది వరస అని నేనే చీటీలు అంటించాను. షాక్ కొడితే కరెంటు కట్ చేసే ట్రిప్ స్విచ్ మాటిమాటికి పడిపోతోందని ఎలక్ట్రీషియన్ దాన్ని తప్పించి డైరెక్ట్ కలిపాడు. ఆ తర్వాత అది ఒక్కసారి కూడా పడలేదు. మన కాలేజీలో కరెంటు బాగుపడిందని ప్రిన్సిపాల్ మీటింగులో చెప్పాడు, చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను.

నా తూకం

బీరువాలోవి దేవుళ్లయ్యాక, పిల్లలు ఇంట్లో దొరికినవి తెచ్చుకునేవారు. పాడైన సెట్‌టాప్ బాక్సు అడాప్టర్లు, తమ్ముడి ఫోన్ చార్జర్లు. కొందరు ఆ చిన్న డబ్బాలాంటి తొమ్మిది వోల్టుల బ్యాటరీ కొనేవారు. తొమ్మిది అన్న అంకె చూసి మురిసిపోయి దానికి మోటారు తగిలించేవారు. కాసేపటికే అది సొమ్మసిల్లేది. ఐదుకంటే తొమ్మిది పెద్దది కదా మేడం అనేవారు. అంకె పెద్దదే, ఊపిరి చిన్నది.

ఇక కొనేవాళ్లకు సలహా కావాలి. ఇక్కడే నా పాండిత్యం పనికొచ్చింది. మా బాపు పసుపు రైతు. చిన్నప్పుడు ఆయన వెంట నిజామాబాద్ మార్కెట్ యార్డుకు వెళ్లేదాన్ని. కొనేవాళ్లు పసుపు కొమ్మును అరచేతిలో ఎగరేసి బరువు చూస్తారు. తర్వాత విరిచి చప్పుడు వింటారు. తేలిగ్గా ఉంటే లోపల డొల్ల అని అర్థం. అడాప్టర్లు కూడా నేను అట్లాగే చూడటం మొదలుపెట్టాను. మొదట్లో అది తప్పేమీ కాదు. ఆ రోజుల్లో అడాప్టర్ లోపల రాగితీగ చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్ ఉండేది, బరువున్నదే మంచిది. తర్వాత అడాప్టర్లు మారిపోయాయి, లోపల చిన్న సర్క్యూట్ వచ్చి తేలికయ్యాయి. నా అరచెయ్యి మాత్రం మారలేదు.

దానివల్ల నాకు పేరొచ్చింది. "విజయ మేడం చేత్తో పట్టి చెప్తది" అని జూనియర్లకు సీనియర్లు చెప్పేవారు. మీటరు పెట్టి, బల్బులాంటి లోడ్ పెట్టి చూస్తే మీటరుకు పేరొస్తుంది. చేత్తో చూసి చెబితే మనకు వస్తుంది. నర్సయ్య సార్ బల్బు సొరుగులోనే ఉండిపోవడానికి అసలు కారణం ఇది.

బస్టాండు దగ్గర ఖాదర్ భాయ్ స్పేర్ పార్టుల దుకాణం ఉండేది. నేను వెళ్తే నవ్వేవాడు. "మేడం వచ్చింది, కాంటా ఎందుకు మనకు" అనేవాడు. కొన్నాళ్లకు దుకాణంలోకి బరువైన అడాప్టర్లు వచ్చాయి. "పట్టి సూడుండ్రి మేడం, ఎంత వజన్ ఉన్నదో" అన్నాడు. ఆయన మోసగాడు కాదు, ఆయనా నా శిష్యుడే.

మమత

చందూర్ దగ్గరి పల్లె నుంచి మమత అనే అమ్మాయి చదువుకోవడానికి వచ్చింది. నాన్నకు కొంచెం వరి పొలం, అమ్మ బీడీలు చుడుతుంది. మమత కూడా ఎనిమిదో తరగతి నుంచి చుట్టింది. ఆ వేళ్లతో బ్రెడ్‌బోర్డు మీద తీగలు గుచ్చుతుంటే చూడముచ్చటగా ఉండేది. ఒక్క తీగ వంకర పోయేది కాదు.

ఆఖరి సంవత్సరం ప్రాజెక్టుగా వడ్ల తేమ కొలిచే యంత్రం ఎంచుకుంది. కొనుగోలు కేంద్రంలో తేమ పదిహేడు శాతం దాటిందని వాళ్ల వడ్లను రెండుసార్లు వెనక్కు పంపారట. "ఇంటి కాడనే సూసుకొని పోతే బాపుకు గా తిప్పలుండదు మేడం" అంది.

ఏటా హైదరాబాద్ దగ్గరి నుంచి, మీటర్లు తయారుచేసే ఒక చిన్న కంపెనీ ఇంజనీరు వచ్చి మా పిల్లల ప్రాజెక్టులు చూసేవాడు. ఒకరికి ఉద్యోగం ఇచ్చేవాడు. ఒక్కరికే. మమత దాని మీదే ఆశ పెట్టుకుంది. అది రాకపోతే ఏం చేస్తావని అడిగితే, "ఏమున్నది మేడం, మా అమ్మ పక్కకు నాకు గూడ ఒక చాట ఉన్నది" అంది, బీడీల చాట గురించి.

అడాప్టర్ కోసం నన్ను వెంటబెట్టుకుని ఖాదర్ భాయ్ దగ్గరికి వెళ్లింది. రెండు చూపించాడు. ఒకటి తేలికది, దాని మీద ముద్రలూ లెక్కలూ సన్నటి అక్షరాల్లో ఉన్నాయి. ఇంకోటి బరువైనది, దాని మీద పులి బొమ్మ ఉంది. నేను రెండింటినీ అరచేతిలో ఎగరేశాను. పులిని ఎంచాను.

దుకాణంలో నేను చెప్పి ఉండాల్సింది

సుజాతా, నువ్వడిగిన జవాబు ఇదే. బ్రెడ్‌బోర్డు పనికి గొప్ప సప్లై అక్కర్లేదు. మంచి కంపెనీ ఫోన్‌తో పాటు ఇంట్లోకి వచ్చిన అసలు చార్జర్, ఐదు వోల్టులది, ఎక్కువ పనులకు చాలు. కేబుల్ ఒకటి కొనుక్కుంటే అయిపోతుంది. బోర్డు అంచున గుచ్చుకునే చిన్న పవర్ మాడ్యూల్ కొంటే, దాని మీది జంపర్, అంటే వోల్టులు మార్చే చిన్న బిళ్ల, ఐదు దగ్గరుందా మూడు పాయింట్ మూడు దగ్గరుందా అని పిల్లలతో గట్టిగా చదివించు. చూడకుండా పెట్టి బోర్డులు కాల్చినవాళ్లను నేను బోలెడుమందిని చూశాను.

కొత్తది కొంటే, ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్లు అని స్పష్టంగా రాసి, భద్రతా ముద్ర ఉన్నదే కొనాలి. ఏమీ రాయకుండా పులి బొమ్మ వేసినవాడు పులినే అమ్ముతున్నాడు. తెచ్చాక పది ఓముల రెసిస్టర్ తగిలించి మీటరు చూడాలి. ఐదు వోల్టులు నాలుగు ముప్పావు కంటే కిందికి దిగితే అది మన పిల్ల కాదు. బోర్డు ముట్టుకుంటే జివ్వుమంటే వెంటనే ప్లగ్ పీకాలి. అలవాటవుతుందని ఎవరైనా చెబితే వాళ్ల మాట వినకూడదు. వాళ్లెవరో ఇప్పుడు చెబుతాను.

తడి గచ్చు

మమత యంత్రం నెలరోజులు పిచ్చి లెక్కలు చూపించింది. ఒకే గిన్నెలోని వడ్లకు ఒకసారి పద్నాలుగు, ఇంకోసారి ఇరవై మూడు, మరోసారి తొమ్మిది. ఆ అమ్మాయి కోడ్ మళ్లీ రాసింది, మళ్లీ రాసింది. తీగలన్నీ పీకి మళ్లీ గుచ్చింది. ప్రతి రీడింగునూ నోట్‌బుక్‌లో రాసి పక్కన "నా తప్పు ఎక్కడో" అని రాసుకుంది. ఒకరోజు భయపడుతూ అడిగింది.

"మేడం, అడాప్టర్ల ఏమన్న గడ్‌బడ్ ఉండదు గద?"

"నేను పట్టి చూసి ఇప్పించినదాంట్ల గడ్‌బడా? నీ కోడ్ చూసుకో పో" అన్నాను.

ఇంకోరోజు, "బోర్డు ముట్టుకుంటే వేలికి జివ్వుమంటున్నది మేడం" అంది.

"అన్ని అడాప్టర్లు గంతే. అలవాటైతది. కాళ్ల కింద పేపర్ ఏస్కొని నిలబడు" అన్నాను. చెప్పులు తొడుక్కోమని చెప్పాల్సింది. కానీ ల్యాబ్ గుడి కదా, చెప్పులు స్టాండులో ఉన్నాయి. నెలరోజులు ఆ పిల్ల పాత దినపత్రికల మీద నిలబడి పనిచేసింది.

ఇంజనీరు వచ్చే రోజు పొద్దున ప్రిన్సిపాల్ ల్యాబ్‌ను ఫినాయిల్‌తో తుడిపించాడు. కింద ఈ పేపర్లేమిటి అసహ్యంగా అని తీయించాడు. మమత వచ్చి తడి గచ్చు మీద వట్టి కాళ్లతో నిలబడి, అడాప్టర్ స్విచ్ వేసి, బోర్డు మీద చెయ్యి పెట్టింది.

చిన్న కేక వినిపించింది. తిరిగి చూసేసరికి స్టూలు మీద పడి ఉంది. మెయిన్ ఆపేసి పరుగెత్తాను. ముఖం తెల్లబడింది, కుడిచేతి వేళ్లు వంగడం లేదు. నేను అరుస్తున్నాను, ఏమరిచానో నాకే తెలియదు. ఆ పిల్ల కళ్లు తెరిచి మొదట అన్నమాట ఇది.

"మేడం, నా బోర్డు కాలిందా? నేనే ఏదో తప్పు కలిపినట్టున్న."

ముప్పై ఏళ్లలో నాకు అంత సిగ్గేసిన క్షణం ఇంకోటి లేదు. ప్రిన్సిపాల్ తలుపు దగ్గర నిలబడి, "గెస్ట్ అర్ధగంటల వస్తుండు, జర నిమ్మలంగ ఉండుండ్రి" అన్నాడు. కాలేజీ పక్క క్లినిక్ డాక్టరు వచ్చి చూసి, గుండె బాగానే కొట్టుకుంటోంది, వేళ్లు మెల్లగా వస్తాయి, తర్వాత పెద్దాసుపత్రిలో చూపించండి అన్నాడు. ఇప్పుడే వెళ్దామన్నాను. మమత వినలేదు. "సార్ వచ్చి పోనీయుండ్రి మేడం, మీకు దండం పెడత" అంది.

ఇనుప ముక్క

సుత్తి తెచ్చి పులి అడాప్టర్‌ను పగలగొట్టాను. లోపల బొటనవేలంత సర్క్యూట్. గోడ కరెంటును, మనం ముట్టుకునే కరెంటును వేరుగా ఉంచాల్సిన చోట వెంట్రుక మందం జాగా ఉంది, అదీ కాలిపోయి ఉంది. దాని పక్కన, జిగురుతో అంటించిన ఇనుప ముక్క. ఏ తీగా దానికి కలవలేదు. దానికి ఒకే పని, నాలాంటిదాని అరచేతిలో బరువుగా అనిపించడం.

బీరువా తాళంచెవి ప్రిన్సిపాల్ జేబులో ఉంది. తలుపు కబ్జాల, అంటే కీళ్ల, స్క్రూలు మాత్రం నా ఎదురుగానే ఉన్నాయి. విప్పి, దండతో సహా తలుపును గోడకు ఆనించాను. మొదటి సప్లై వెలగలేదు, రెండోదీ వెలగలేదు. ఎనిమిదేళ్లు పూజ చేస్తే మనుషులే పనికిరాకుండా పోతారు. మూడోది వెలిగింది. సొరుగు తెరిచి నర్సయ్య సార్ రెసిస్టర్ తగిలించాను. ఐదు వోల్టులు ఐదుగానే నిలబడ్డాయి.

"పో, ముందు చెప్పులు తొడుక్కొని రా" అన్నాను మమతతో.

మమత బోర్డు కాలిపోయింది, స్నేహితురాలు తనది ఇచ్చింది. మమత ఎడమచేత్తో కోడ్ ఎక్కించింది, తీగలు నేను గుచ్చాను, వంకరటింకరగా. వడ్లు పోసింది. పద్నాలుగు. మళ్లీ పోసింది. పద్నాలుగు. ఐదుసార్లు పద్నాలుగే. ఆ పిల్ల తెర వంకే చూస్తూ, "నా కోడ్ మంచిగనే ఉండె మేడం" అంది. నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు కొంత తేలికయ్యేది.

ఇంజనీరు నోట్‌బుక్ తిరగేశాడు. నెలరోజుల పిచ్చి లెక్కలు చూసి, ఇదేమిటమ్మా అని అడిగాడు. మమత ఒక్కసారి నా వంక చూసింది.

"నాదే తప్పు సార్. కోడ్ రాసుడు సక్కగ రాలే" అంది.

ప్రిన్సిపాల్ తల ఊపాడు. ఇంజనీరు పెన్ను తీశాడు. నేను వెంటనే మాట్లాడానని రాయాలని ఉంది, కానీ వెంటనే మాట్లాడలేదు. నా చేతితూకం పేరు, నా ముప్పై ఏళ్లు, ప్రిన్సిపాల్ ముఖం, అన్నీ గుర్తొచ్చాయి. ఆయన పెన్ను కాగితానికి తగిలేదాకా ఆగాను. అప్పుడు ఇనుప ముక్క తీసి బల్ల మీద పెట్టాను.

"తప్పు కోడ్‌ది కాదు సార్. ఇది అడాప్టర్ల ఎల్లింది. బరువున్నది అని నేనే కొనిపిచ్చిన. పిల్ల నెలరోజుల సంది అడుగుతనే ఉన్నది, నేనే ఇనలే."

మరుసటి వారం నాకు మెమో వచ్చింది, బీరువా స్క్రూలు ఎవరి అనుమతితో విప్పావని. పిల్లకు షాక్ ఎందుకు కొట్టిందని ఏ కాగితమూ అడగలేదు. జవాబు రాసిచ్చి, ట్రిప్ స్విచ్ మళ్లీ పెట్టించేదాకా ల్యాబ్ తెరవలేదు. చెప్పుల స్టాండును విరగ్గొట్టించాను. మమత వేళ్లు పది రోజులకు మామూలయ్యాయి, ఉద్యోగం ఆమెకే వచ్చింది.

కానీ ఆ రోజు ఇంజనీరు ఇనుప ముక్కను చేతిలో తిప్పుతూ మమతను ఆఖరి ప్రశ్న అడిగాడు. రేపు మా దగ్గర నువ్వే పవర్ సప్లై కొనాల్సి వస్తే ఎట్లా ఎంచుతావమ్మా అని. మమత ఎడమచేత్తో కుడిచేతి వేళ్లను రుద్దుకుంది.

"ఏం రాసున్నదో సదువుత సార్. లోడ్ పెట్టి మీటర్ల సూస్త. బరువు సూడ" అంది. తర్వాత తల వంచుకుని, మెల్లగా, "ఎవలు చెప్పిండ్రో గూడ సూడ" అంది.

సుజాతా, పిల్లలకు నేను చెప్పానని చెప్పకు. బల్బు, రెసిస్టర్ నీ బల్ల ఎడమ సొరుగులో ఉన్నాయి, తాళం తీసేసే ఉంచాను.